గోల్స్ వర్షమా, కప్పు గెలవడమా? మూడో ఫార్వర్డ్‌ని చూడటం నేర్చుకుందాం

నమస్తే అండీ. ఇవాళ ఐస్ హాకీ, అందులో ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. సీజనంతా గోల్స్ మీద గోల్స్ కొట్టిన జట్టు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లకి వచ్చేసరికి ఎందుకు చతికిలపడుతుంది? వీడియో ఆపి మీకు మీరే ఎలా పట్టుకోవచ్చో చూపిస్తాను. జట్టు ఫ్లోరిడా పాంథర్స్. మూడు క్లిప్పులు, ఇవిగో, మూడు ట్యాబ్‌లు.

మొదటిది. 2022 ఏప్రిల్ 5, టొరంటో మీద. 5-1 వెనకబడి, ఓవర్‌టైమ్‌లో 7-6 గెలిచారు. ఆ సీజన్‌లో ఆటకి సగటున నాలుగు గోల్స్ పైనే, 122 పాయింట్లు, లీగ్‌లో ఫస్టు. చూడ్డానికి పండగే, అందులో సందేహం లేదు. ప్లే చేస్తున్నా... పాజ్. పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) దొరగ్గానే ముగ్గురు ఫార్వర్డ్‌లూ, అంటే దాడి చేసేవాళ్ళు, ముందుకే. డిఫెన్స్‌మన్ కూడా వాళ్ళ వెనకే. చూశారుగా, సరే.

అన్నట్టు, పాజ్ చేశాక మౌస్‌తో కింద గీత లాగకండి, కావాల్సిన ఫ్రేమ్ దాటిపోతుంది. యూట్యూబ్‌లో ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకి, కామా నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి. నేనైతే ఈ రెండు కీలే వాడతాను.

ఇప్పుడు అసలు పని. ఇక్కడ తొందరపడకండి. చాలామంది గోల్ పడిన చోట ఆపి, గోలీని తిడతారు. తప్పు అక్కడ ఉండదు, అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది. ఎడమ బాణం రెండుసార్లు నొక్కండి. పది సెకన్లు వెనక్కి. పక్ ఎదుటివాళ్ళ మూలలో ఉంది కదా? ఆ పక్‌ని బొటనవేలితో కప్పేయండి. నిజంగానే, స్క్రీన్ మీద వేలు పెట్టండి. పక్ కనబడితే కళ్ళు దాని వెంటే పోతాయి. ఇప్పుడు లెక్కపెట్టండి. మొదటివాడు ఢీకొట్టేవాడు. రెండోవాడు జారిన పక్ అందుకునేవాడు. మూడోవాడు ఎక్కడ? కోచ్‌లు ఎఫ్-3 అంటారే, అతనే. ఫేసాఫ్ సర్కిల్ (నెట్‌కి పక్కగా ఐస్ మీద గీసిన పెద్ద వృత్తం) పై అంచుకి ఇవతల, బ్లూ లైన్ (ఎదుటివాళ్ళ జోన్ మొదలయ్యే నీలం గీత) వైపు ఉంటే క్షేమం. సర్కిల్ దాటి నెట్ దాకా దిగిపోయాడా, అయిపోయింది. ఎదుటివాళ్ళు ఒక్క పాస్ ఇస్తే చాలు, మీ డిఫెన్స్‌మన్ ఇద్దరి మీదకి ముగ్గురు వస్తారు. ఇంకోసారి చూడండి: మొదటివాడు, రెండోవాడు... మూడోవాడు.

రెండో ట్యాబ్. 2022 మే 19, టాంపా బే, సిరీస్‌లో రెండో ఆట. 1-1 మీద ఉంది, ఇంకా 3.8 సెకన్లే మిగిలాయి. టాంపా ఆటగాడు కుచెరోవ్ నెట్ వెనక. ఫుల్‌స్టాప్, ఫుల్‌స్టాప్... ఫ్లోరిడా వాళ్ళ తలలు చూడండి, అతని వైపే తిరిగున్నాయి. చూడకుండానే వెనక్కి పాస్, నెట్ ముందు అతని జట్టువాడు కోల్టన్ ఒక్కడే. 2-1. ఆ సిరీస్ 4-0తో పోయింది. నాలుగు ఆటల్లో ఫ్లోరిడా కొట్టినవి మూడే గోల్స్. ఆ ప్లేఆఫ్స్ మొత్తం మీద 31 పవర్‌ప్లేలకి (ఎదుటి జట్టువాడు పెనాల్టీతో బయట కూర్చున్నప్పుడు దొరికే అవకాశాలు) ఒక్క గోల్. సీజన్‌లో అయితే రేపు ఇంకో ఊరు, ఇంకో జట్టు. ప్లేఆఫ్స్‌లో అదే ప్రత్యర్థి, ఏడు ఆటల దాకా. మీరు దూసుకొచ్చే దారి వాళ్ళు రెండు రోజుల్లో కనిపెట్టి మూసేస్తారు.

మూడోది. 2024 జూన్ 24, ఫైనల్ ఏడో ఆట, ఎడ్మంటన్ మీద. ఇదీ 2-1, ఈసారి ఫ్లోరిడాది. మధ్యలో ఏం మారింది? 2022 వేసవిలో కోచ్‌గా పాల్ మారిస్ వచ్చాడు. గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి 115 పాయింట్లు చేసిన ఫార్వర్డ్ హూబర్డోని, డిఫెన్స్‌మన్ వీగర్‌ని కాల్గరీ జట్టుకి ఇచ్చి ఫార్వర్డ్ కచక్‌ని తెచ్చుకున్నారు. కొట్టే గోల్స్ తగ్గాయి, తినేవి ఇంకా తగ్గాయి, 2023-24లో ఆటకి రెండున్నర లోపే. అలాగని వెనక్కి తగ్గి కూర్చున్నారా? లేదు. మూడో పీరియడ్‌లో ఎక్కడ వీలైతే అక్కడ ఆపి చూడండి. ఇద్దరు మూలలోకి దూకుతూనే ఉంటారు. మూడోవాడు మాత్రం పైన, బ్లూ లైన్ వైపు. టొరంటో క్లిప్ నాకూ ఎక్కువ ఇష్టమే, కానీ కప్పు వచ్చింది ఈ ఆటతో.

మీ జట్టు ఈమధ్య ఓడిన ఆట తీసుకోండి. తిన్న ప్రతి గోల్‌కి పది సెకన్లు వెనక్కి వెళ్ళి, మూడోవాడు 'పైన' లేదా 'కింద' అని రాసుకోండి. పవర్‌ప్లే గోల్స్, ఖాళీ నెట్ గోల్స్ (గోలీని బయటికి పిలిచాక పడేవి) వదిలేయండి, అక్కడ ఈ అమరికే ఉండదు.