వాటర్ కలర్‌కి ఏ పేపర్ కొనాలి?

నమస్తే అండీ. ఈరోజు రంగుల జోలికి వెళ్లడం లేదు, మాట్లాడేదంతా కాగితం గురించే. వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పలచటి రంగు పూత, వేయగానే పేపర్ అప్పడంలా ఉబ్బిపోతుంటే కొత్త బ్రష్ కొనేస్తుంటారు చాలామంది. బ్రష్ ఏం చేసింది పాపం!

కెమెరా కాస్త కిందకి తెస్తాను, చూడండి. ఎడమ వైపు 80 జీఎస్ఎం జిరాక్స్ పేపర్, కుడి వైపు 300 జీఎస్ఎం వాటర్ కలర్ పేపర్. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఈ ఎడమది ఏ4 షీటు 5 గ్రాములు ఉంటే, కుడిది దాదాపు 19.

రెండింటి మీదా ఒకే నీలం వేస్తున్నా. ఎడమ దాంట్లో రంగు పడగానే ఇంకిపోయింది, అంచు బిగుసుకుపోయింది. ఇంకోసారి బ్రష్ ఆడించానా, ఇదిగో, పీచు లేస్తోంది. కుడి దాని మీద నీళ్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు పసుపు వదిలినా కలుస్తుంది, టిష్యూతో అద్ది మబ్బు కూడా తీయొచ్చు.

ఇదంతా మందం వల్లే అనుకోకండి. ఈ వాటర్ కలర్ పేపర్‌కి జెలటిన్ లాంటి జిగురు పట్టిస్తారు, దాన్నే సైజింగ్ అంటారు. నీటిని కాసేపు పైనే ఆపేది అదే. అందుకే దళసరిగా ఉంది కదా అని ఐవరీ షీట్ తెచ్చుకుంటే పని జరగదు.

పెన్సిల్‌కి ఇంత ఖర్చు అక్కర్లేదు, 150 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ పేపర్, అంటే మామూలు డ్రాయింగ్ పేపర్, చాలు. చార్‌కోల్‌కి మాత్రం కాస్త గరుకుగా ఉన్నది తీసుకోండి, నున్నటి దాని మీద పొడి నిలవదు.

ఇక నూరు శాతం కాటన్ పేపర్. ఖరీదే, కానీ తడి మీద తడి, అంటే కాగితం తడి ఆరకముందే రంగు వేసేవాళ్లకి దానికి సాటి లేదు. ప్యాడ్ కొనకుండా 22 బై 30 అంగుళాల ఫుల్ షీట్ ఒకటి తెచ్చి ఎనిమిది ముక్కలు చేసుకోండి. రోజువారీ ప్రాక్టీసుకి కాటన్ కానిదైనా పర్వాలేదు, 300 మాత్రం తగ్గొద్దు.

వైజాగ్, కాకినాడ వైపు వాళ్లకి ఒక మాట. చెమ్మకి సైజింగ్ పాడవుతుంది. వాష్ వేసినప్పుడు అక్కడక్కడా ముదురు మచ్చలు తేలితే అదే కారణం. కొన్న పేపర్‌ని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. ఇప్పటికే పాడైనవి ఉంటే పారేయకండి, చార్‌కోల్‌కి బ్రహ్మాండంగా పనికొస్తాయి.