దురదకు ఆకు కోసే ముందు

అందరికీ నమస్కారం. ఒంటిమీద దద్దుర్లు లేచి దురద పెడితే చేతికందిన ఆకు తెంపి, నూరి రాసుకునేవాళ్లు మనలో చాలామంది. ఆ అలవాటును తీసిపారేయడానికి నేను రాలేదు. మొక్కల్లో మందు నిజంగానే ఉంది. కానీ దురదలన్నీ ఒకటి కావు. ముందు దురద ఎందుకొచ్చిందో చూడాలి, ఆకు సంగతి ఆ తర్వాత.

గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా ఉబ్బి పొలుసు రేగుతుంది, మధ్యలో చర్మం కాస్త తేటపడుతుంది. అది తామర, ఫంగస్ వల్ల వస్తుంది. దీనికి పాతకాలం నుంచీ వాడే మొక్క మెట్టతామర. కొందరు సీమ అవిసె అంటారు. పసుపు పూల గెలలు కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడతాయి. ఆకులో ఉండే క్రైసోఫానిక్ ఆమ్లానికి ఫంగస్‌ను అణిచే గుణం ఉంది. కొత్తగా వచ్చిన చిన్న మచ్చ మీద వాడి చూడొచ్చు. ఒళ్లంతా పాకిన తామరకు మాత్రం డాక్టర్ ఇచ్చే మందే కావాలి.

గజ్జి వేరు. కంటికి సరిగ్గా ఆనని పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ దురద, అదీ రాత్రిపూట ఎక్కువ. వేప, పసుపు కలిపి నూరిన ముద్దను 814 మంది గజ్జి రోగులకు వాడి చూసిన అధ్యయనం 1992లో అచ్చయింది. 3 నుంచి 15 రోజుల్లో 97 శాతం మందికి నయమైందని అందులో రాశారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ అది తొలిమెట్టు అధ్యయనం. ఇవాళ్టికీ డాక్టర్లు ముందుగా రాసేవాటిలో 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ ఒకటి. ఏది వాడినా ఇంట్లో అందరూ ఒకేసారి వాడాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది మూడో రకం, మొక్క వల్లే వచ్చే దురద. వయ్యారిభామ అనే కలుపుమొక్కలోని పార్థెనిన్ రసాయనం పడనివాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి మండుతాయి. వాళ్లు ఉపశమనం కోసం గుంటగలగర ఆకో గడ్డిచామంతి ఆకో నూరి రాస్తారు. అవి రెండూ వయ్యారిభామ కుటుంబానివే! చామంతి, బంతి కూడా అంతే. ఒకటి పడని ఒంటికి దాని చుట్టం కూడా పడకపోవచ్చు. రాసేకొద్దీ దద్దుర్లు పెరుగుతుంటే, మందు తక్కువైందనుకుని ఇంకా రాస్తారు. దయచేసి అలా చేయకండి. వెంటనే కడిగేయండి.

బావంచాలు, అంజూర చెట్టు పాలు, నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్లినా ప్రమాదమే. వాటిలోని ఫ్యూరోకూమరిన్లు అనే రసాయనాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తాయి. మచ్చలు నెలల తరబడి పోవు. జిల్లేడు పాల జోలికి అసలే పోవద్దు, కంట్లో పడితే చూపుకే ముప్పు.

కలబంద చాలామందికి పడుతుంది, కానీ కోసే పద్ధతి ఉంది. మట్టను కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా కాసేపు నిలబెట్టండి. పసుపుపచ్చగా, చేదుగా ఉండే జిగురు కారిపోతుంది. దురద పెంచేది అదే. తర్వాత తొక్క తీసి, లోపలి తెల్లటి గుజ్జును కడిగి వాడండి.

ఏ ఆకైనా సరే, శుభ్రంగా కడిగి, మోచేతి లోపలివైపు చిన్న చుక్క రాసి రెండు రోజులు చూడండి. చీము పట్టిన చోట, చర్మం చిట్లిన చోట, పసిపిల్లల ఒంటికి ఈ ప్రయోగాలు వద్దు. వేపనూనె పిల్లల నోట్లోకి పోతే ఫిట్స్ కూడా రావచ్చు.

జ్వరం వచ్చినా, పెదవులు, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏ ఆకు రాశారో అక్కడ దాచకుండా చెప్పండి. పేరు తెలియకపోతే ఒక రెమ్మ కవర్‌లో పెట్టి తీసుకెళ్లండి. దద్దుర్లు రోగం వల్లా ఆకు వల్లా అన్నది తేల్చడానికి డాక్టర్‌కు ఆ రెమ్మ పనికొస్తుంది.