చిన్న ఫ్యాక్టరీకి ఈఆర్‌పీనెక్స్ట్ పనికొస్తుందా? మాన్యుఫ్యాక్చరింగ్ మాడ్యూల్ రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియో ఎవరికంటే, బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇరవై ముప్పై మందితో యూనిట్ పెట్టుకుని, అకౌంట్స్ ఏమో టాలీలో, స్టాకు ఎక్సెల్‌లో, ప్రొడక్షన్ లెక్క సూపర్‌వైజర్ జేబులో ఉండే డైరీలో నడిపిస్తున్న వాళ్ళకి. ఆ సూపర్‌వైజర్ ఊరెళ్తే ఏ ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో ఓనర్‌కి కూడా తెలీదు, అవునా కాదా?

సరే, ఈఆర్‌పీనెక్స్ట్. అకౌంట్స్, స్టాకు, ప్రొడక్షన్ అన్నీ ఒకే చోట నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. ముంబైలో ఫ్రాపే అనే కంపెనీ చేస్తుంది, 2008 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, యూజర్‌కి ఇంత అని లైసెన్స్ ఫీజు లేదు. మనకి ఇది పెద్ద విషయం, ఎందుకంటే యూజర్ లెక్కన డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌లో ఏం చేస్తారు, ఒకే లాగిన్ నలుగురు వాడతారు, రేపు ఎంట్రీ తప్పైతే ఎవరు కొట్టారో తేలదు. ఇక్కడ స్టోర్స్ అబ్బాయికి వేరే, గేట్ దగ్గర వేరే లాగిన్ ఇచ్చేయొచ్చు. ఇది స్పాన్సర్డ్ వీడియో కాదు, అది కూడా ముందే చెప్పేస్తున్నా.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. షీట్ మెటల్ వర్క్ తీసుకుందాం. రెండు ఎంఎం ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్ షీటు, 2440 బై 1220 ఎంఎం, అదే మన ఎనిమిది నాలుగు అడుగుల షీటు. దాని బరువు సుమారు 46.7 కేజీలు. కొనేది కేజీల్లో, రాక్ లోంచి తీసేది షీట్ల లెక్కన, బయటికెళ్ళే సరుకు నంబర్లలో. మూడు లెక్కలు. ఐటెమ్ క్రియేట్ చేసేటప్పుడే స్టాక్ యూనిట్ ఏంటని అడుగుతుంది, ఇక్కడ తొందరపడకండి, ఒక్కసారి ఆ ఐటెమ్ మీద ఎంట్రీ పడిందంటే తర్వాత ఆ యూనిట్ మార్చనివ్వదు. చాలామంది అలవాటుగా నంబర్స్ అని పెట్టేస్తారు, తర్వాత బీఓఎంలో, అంటే ఒక్కో వస్తువుకి ఏ మెటీరియల్ ఎంత పడుతుందో రాసే లిస్టులో, షీటులో పద్దెనిమిదో వంతు అని వేయబోతే పాయింట్ లెక్క కుదరదు, పూర్తి సంఖ్యే ఉండాలి అని ఎర్రగా ఎర్రర్ వస్తుంది. కాబట్టి రా మెటీరియల్ కేజీల్లోనే పెట్టండి, ఒక షీటంటే ఇన్ని కేజీలు అని కన్వర్షన్‌గా ఇవ్వండి.

బీఓఎం దగ్గరికొద్దాం, అసలు కథంతా ఇక్కడే. 350 బై 350 ఎంఎం బ్లాంక్, అంటే షీటులోంచి కత్తిరించే ముక్క అనుకోండి. డ్రాయింగ్ చూసి బరువు కడితే 1.92 కేజీలు. డిజైన్ చేసేవాళ్ళు అదే అంకె బీఓఎంలో కొట్టేస్తారు. కానీ షీటు మీద పరిచి చూడండి, పొడుగున ఆరు, అడ్డంగా మూడు, మొత్తం 18 పీసులే వస్తాయి. పొడుగున ఇంకా 340 ఎంఎం పట్టీ మిగుల్తుంది, పది ఎంఎం తక్కువై ఇంకో వరస రాదు, చూస్తే ఒళ్ళు మండుతుంది. అంటే పీసుకి నిజంగా ఖర్చయ్యేది 46.7ని 18తో భాగిస్తే దాదాపు 2.6 కేజీలు. బీఓఎంలో 1.92 అని ఉంటే వెయ్యి పీసులు పూర్తయ్యేసరికి కంప్యూటర్‌లో 670 కేజీల షీటు ఉన్నట్టు చూపిస్తుంది, రాక్‌లో ఉండదు. అప్పుడు అందరూ స్టోర్స్ అబ్బాయిని అనుమానిస్తారు, పాపం వాడేం చేశాడు.

దీనికి బీఓఎంలో స్క్రాప్ అని వేరే టేబుల్ ఉంది, మిగిలిన మెటీరియల్ అక్కడ రాస్తే అది కూడా స్టాక్‌లోకి వస్తుంది. ఇక్కడ నా సలహా, తుక్కుకి ఒక కోడు, మళ్ళీ చిన్న క్లిప్‌లకి వాడుకునే పట్టీకి ఇంకో కోడు పెట్టండి, రెండూ కలిపేస్తే పనికొచ్చే పట్టీ కూడా తుక్కు రేటుకే కనిపిస్తుంది.

వర్క్ ఆర్డర్, అంటే ఫలానా వస్తువు ఇన్ని చేయాలని ప్రొడక్షన్‌కి ఇచ్చే ఆర్డర్, ఆ స్క్రీన్ నాకు బాగా నచ్చింది. మామూలుగా అయితే స్టోర్స్ నుంచి వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌కి, అంటే పని జరిగే చోటికి, ఒక ట్రాన్స్‌ఫర్, పని అయ్యాక ఫినిష్డ్ గూడ్స్‌కి ఒక ఎంట్రీ. చిన్న యూనిట్‌లో ఆ మధ్య ట్రాన్స్‌ఫర్ వద్దనుకుంటే స్కిప్ చేసే టిక్ ఉంది, కానీ నేనైతే స్కిప్ చేయొద్దనే అంటా. మాన్యుఫ్యాక్చరింగ్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌ఫ్లష్ అని ఒకటుంది, సరుకు తయారయ్యాక స్టాక్‌లోంచి ఎంత మెటీరియల్ తగ్గించాలో చెప్పే సెట్టింగ్, అక్కడ బీఓఎం అని పెడితే షాప్ ఫ్లోర్‌లో ఎంత వాడినా బీఓఎం ప్రకారమే తగ్గించేస్తుంది, ట్రాన్స్‌ఫర్ చేసిన మెటీరియల్ అని పెడితే నిజంగా ఇష్యూ చేసింది తగ్గిస్తుంది. రెండోది పెట్టుకుంటేనే వేస్టేజ్ ఎక్కడవుతుందో బయటపడేది, మొదటిది పెడితే లెక్కలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి, ఎందుకంటే మనం చెప్పిందే మనకి చెప్తుంది.

ఇంకొకటి, స్టాక్ సెట్టింగ్స్‌లో నెగటివ్ స్టాక్ అలౌ అనే టిక్ ఉంటుంది. ఇన్‌వర్డ్ ఎంట్రీ, అంటే సరుకు లోపలికొచ్చిన ఎంట్రీ, కొట్టకుండానే మెటీరియల్ ఇష్యూ చేస్తే సిస్టమ్ ఒప్పుకోదు, గొడవెందుకని ఇంప్లిమెంట్ చేసేవాళ్ళు ఆ టిక్ పెట్టేసి వెళ్ళిపోతారు. వద్దండి. స్టాక్ మైనస్ ఇరవై అంటే ఏంటసలు అర్థం, రేట్లు కూడా తలకిందులవుతాయి. గేట్ దగ్గరే ఇన్‌వర్డ్ కొట్టించండి, మొదట్లో అరిచినా తర్వాత అలవాటవుతుంది.

నచ్చనివి చెప్తా. జాబ్ కార్డులు, అంటే ఒక్కో పనికి పట్టిన టైమ్ రాసే కార్డులు. ఆపరేషన్లు పెట్టుకుంటే షీటు కత్తిరించే షీరింగ్‌కి ఒకటి, బెండింగ్‌కి ఒకటి, వెల్డింగ్‌కి ఒకటి, ప్రతిదానికీ స్టార్ట్ టైమ్, ఎండ్ టైమ్. గ్రీజు చేతులతో ఎవరు కొడతారు చెప్పండి? షిఫ్ట్ అయ్యాక సూపర్‌వైజర్ కూర్చుని ఊహించి టైములు వేసేస్తాడు, ఆ డేటాతో కాస్టింగ్ చేస్తే అంతే సంగతులు. మొదట ఆపరేషన్లు లేకుండా వర్క్ ఆర్డర్ మాత్రమే నడపండి, స్టాక్ కుదురుకున్నాక వీటి సంగతి చూడొచ్చు.

ప్లేటింగ్, పౌడర్ కోటింగ్ బయటికి పంపే వాళ్ళకి సబ్‌కాంట్రాక్టింగ్ అనే భాగం ఉంది. లాభం ఏంటంటే జాబ్ వర్కర్ దగ్గర మన సరుకు ఎంతుందో వేరే వేర్‌హౌస్‌లా కనిపిస్తుంది, జీఎస్‌టీ ప్రకారం పంపిన మెటీరియల్ ఏడాదిలోపు వెనక్కి రావాలి కదా, ఆ లెక్క జాబ్ వర్క్ వివరాలిచ్చే జీఎస్‌టీ ఫారం ఐటీసీ-04 వేసేటప్పుడు పనికొస్తుంది. కానీ దీనికి పర్చేజ్ ఆర్డర్, దాని మీద సబ్‌కాంట్రాక్టింగ్ ఆర్డర్, మెటీరియల్ ట్రాన్స్‌ఫర్, మళ్ళీ రిసీట్, ఇన్ని కాగితాలు. రోజుకి నాలుగు ట్రిప్పులు ఆటోలో పంపే వాళ్ళకి ప్రాణం మీదకొస్తుంది. జీఎస్‌టీ కోసం ఇండియా కంప్లయన్స్ అనే యాప్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కాబట్టి దాన్ని మర్చిపోవద్దు.

కస్టమైజేషన్ గురించి ఒక్క ముక్క. జర్మనీ సూపర్‌మార్కెట్ చైన్ లిడ్ల్ తెలుసు కదా, 2018లో తమ ఎస్ఏపీ (జర్మనీ కంపెనీ చేసే పెద్ద ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుని మధ్యలో ఆపేసింది, దాదాపు 50 కోట్ల యూరోలు పోయాయని వార్తలొచ్చాయి. వాళ్ళకి స్టాకుని కొనుగోలు రేటులో చూడటం అలవాటు, సాఫ్ట్‌వేర్ అమ్మకం రేటు పద్ధతిలో ఉంది, అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్చడానికి కూర్చున్నారు. మన దగ్గర కూడా "మా పాత ఎక్సెల్‌లో ఉన్నట్టే స్క్రీన్ కావాలి" అని అడుగుతుంటారు. ఇందులో కస్టమ్ ఫీల్డులు కోడ్ రాయకుండానే పెట్టుకోవచ్చు, అంతవరకు ఓకే, లోపలి కోడ్ మాత్రం ముట్టుకోకండి, వెర్షన్ అప్‌గ్రేడ్ దగ్గర ఇరుక్కుంటారు.

మరి తీసుకోవాలా? వస్తువులు మళ్ళీ మళ్ళీ అవే చేసే వాళ్ళు, ప్యానెల్ బోర్డులు, బ్రాకెట్లు, ఫర్నిచర్, ఇలాంటివైతే ధైర్యంగా తీసుకోండి, కాకపోతే స్టోర్స్‌తోనే మొదలుపెట్టండి. ప్రతి ఆర్డరూ కొత్త డ్రాయింగే అయ్యే జాబ్ షాపులు మాత్రం ఆగండి, రోజూ కొత్త బీఓఎం కట్టడానికే ఒక మనిషి కావాలి, ఆ జీతం లెక్కేసుకుని అప్పుడు చూడండి. మీ సొంత సర్వర్‌లో పెట్టుకుంటే బ్యాకప్ ఇంకో చోటికి వెళ్తోందో లేదో మీరే చెక్ చేసుకోండి, అది వెండర్ మాట మీద వదిలేసే పని కాదు.