విడాకుల ఒప్పందంలో కౌన్సెలర్ పని

అందరికీ నమస్కారం. ఈ హాల్లో లాయర్లూ ఉన్నారు, కౌన్సెలర్లూ ఉన్నారు. మనం చూసేది ఒకే కుటుంబాన్ని, కాకపోతే వేర్వేరు గదుల్లో.

భార్యాభర్తల మధ్య రాజీ అంటే మనకు ముందు గుర్తొచ్చేది పెద్దమనుషుల పంచాయితీ. తప్పెవరిదో తేల్చి, సర్దుకుపొమ్మని పంపేస్తారు. తప్పెవరిదని నేను అడగను. వాళ్లను ఎలాగైనా కలిపేయాలన్న పట్టుదలా నాకు లేదు. కలిసుంటామంటే సంతోషం. విడిపోవాలని నిశ్చయించుకుంటే మాత్రం, అదెలా జరగాలో వాళ్ల నోటితోనే చెప్పించాలి.

చట్టం దీనికి అడ్డేమీ కాదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ముందు రాజీకి ప్రయత్నించమనే చెబుతుంది. 2013లో, అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులోనే, దంపతుల తగాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పరస్పర అంగీకార విడాకులకు పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును, తగిన కారణాలుంటే కోర్టు తీసేయవచ్చని 2017లో తేల్చింది. చట్టం సంగతి మీకే బాగా తెలుసు, అక్కడితో ఆపుతాను.

మొదటిసారి ఇద్దరినీ విడివిడిగానే కలుస్తాను. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉందా అని అడగాలంటే అదొక్కటే దారి. భయం ఉన్నచోట ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టను. భర్త పక్కనుండగా ఆమె అనే "సరే"కి విలువ లేదు. అలాంటప్పుడు 2005 గృహహింస చట్టం దారి చూపించాలి, సర్దుబాటు మాట ఎత్తకూడదు.

తర్వాత పెద్దలు. మన దగ్గర విడాకులు ఇద్దరి వ్యవహారం ఎప్పుడు అయ్యాయి గనుక! అమ్మాయి నాన్న, అబ్బాయి అమ్మ, మేనమామ, అందరూ వస్తారు. బయటే ఉండమంటే గేటు దగ్గర నిలబడి ఫోన్లో నడిపిస్తారు. అందుకే ఒకరోజు పెద్దలకే కేటాయిస్తాను. పెళ్లికి అప్పు చేసిన తండ్రి ఆ కడుపుమంట ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి. వినకపోతే, ఇక్కడ కుదిరిన మాట ఇంటికెళ్లేసరికి చెడుతుంది. నిర్ణయాలు తీసుకునే రోజు మాత్రం గదిలో ఇద్దరే ఉంటారు.

పిల్లల విషయానికి ఎక్కువ సమయం పెడతాను. "బాబు ఎవరి దగ్గర ఉండాలి?" అని అడిగితే వెంటనే యుద్ధం మొదలవుతుంది. సోమవారం పొద్దున బడికి ఎవరు దింపుతారు, జ్వరమొస్తే టీచర్ ముందు ఎవరికి ఫోన్ చేయాలి, సంక్రాంతికి అమ్మమ్మ ఊరా, నానమ్మ ఊరా అని అడిగితే ఇద్దరూ తల్లిదండ్రుల్లా ఆలోచించడం మొదలెడతారు. తండ్రి అమెరికాలో ఉంటే వీడియో కాల్ వేళ కూడా తేల్చాలి. ఇక్కడ ఆదివారం పొద్దున్న అక్కడ ఇంకా శనివారం రాత్రే. ఒక కండిషన్ విషయంలో నేను మొండిగా ఉంటాను: "ఫీజు కట్టాడేమో మీ నాన్నని అడుగు" అని బిడ్డతో కబురు పంపకూడదు. "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని బిడ్డను ఎవరూ అడగకూడదు, కౌన్సెలర్‌తో సహా.

డబ్బు మాట వచ్చేసరికి ముందు పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం లిస్టు రాయిస్తాను. అది ఆమె స్త్రీధనం, బేరానికి పెట్టే వస్తువు కాదు. ఆ తర్వాతే భరణం, ఇల్లు, లోన్లు.

ఇక్కడ చెప్పిన మాటలు రేపు కోర్టులో తమ మీదికే వస్తాయేమోనని ఇద్దరికీ టెన్షన్. మధ్యవర్తి ముందు మాట్లాడింది గోప్యంగా ఉండాలని 2023 మధ్యవర్తిత్వ చట్టంలోనే రాశారు. ఆ సంగతి మొదటిరోజే వాళ్లకు చెప్పండి.

లాయర్లకు ఒక విన్నపం. ఒప్పందంలో "తగిన సమయాల్లో బిడ్డను చూడవచ్చు" అని రాయకండి. ఏ వారం, ఎన్ని గంటలకు, ఎవరింటి దగ్గర దింపాలో రాయండి. బస్సు లేటైతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.