దుండిగల్ ఆకాశం వైపు చూసే పిల్లలు ముందు తెరవాల్సిన వెబ్‌సైట్లు

నమస్తే అండీ, బాగున్నారా?

గండిమైసమ్మ నుంచి దుండిగల్ వైపు పొద్దున పూట ఎప్పుడైనా వెళ్లారా? నెత్తి మీద చిన్న ప్రొపెల్లర్ విమానం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. అది దిగీ దిగగానే ఇంకోటి లేస్తుంది. ఆ విమానాల పేరు పిలాటస్ పీసీ-7. మన ఎయిర్‌ఫోర్స్ పైలట్లు మొదట చెయ్యి పెట్టేది వాటి మీదే. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చింది కూడా ఈ దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్ గ్రౌండ్ నుంచే. మన ఇంటి పక్కనే ఇంత జరుగుతోంది. అయినా అక్కడికి ఎలా వెళ్లాలో మన పిల్లల్లో చాలామందికి సరిగ్గా చెప్పేవాళ్లు లేరు.

మొన్న ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, నేను ఇంటర్ సెకండియర్, బైపీసీ. ఫైటర్ పైలట్ అవ్వాలి, ఎన్డీఏకి ఏ కోచింగ్ మంచిది?" అని. చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ఎందుకంటే ఎన్డీఏలో, అంటే ఇంటర్ తర్వాత సైన్యంలో ఆఫీసర్లు అవ్వడానికి చేరే అకాడమీలో, ఎయిర్‌ఫోర్స్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. అంటే ఎంపీసీ. డిగ్రీ అయ్యాక ఆఫ్‌కాట్, అంటే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ఎంపిక పరీక్ష, రాద్దామన్నా ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఇంటర్ స్థాయిలో మ్యాథ్స్‌లో 50 శాతం, ఫిజిక్స్‌లో 50 శాతం అడుగుతారు. ఈ సంగతి ఆ అమ్మాయికి పదో తరగతి సెలవుల్లో తెలిసి ఉంటే ఎంత బాగుండేది! ఇదంతా నోటిఫికేషన్‌లో రాసే ఉంటుంది. అది ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కానీ మనం ముందు వీడియోలు చూస్తాం, తర్వాత కోచింగ్‌కి ఫోన్ చేస్తాం. నోటిఫికేషన్ దగ్గరికి అందరికన్నా చివర వెళ్తాం. ఈ వీడియోతో సహా ఏ వీడియో చూసినా సరే, అసలు కాగితం చదవకుండా అడుగు ముందుకి వెయ్యకండి. ఇవాళ నేను చెప్పబోయే సైట్లన్నీ ఆ అసలు కాగితాలు దొరికే చోట్లే.

మొదటిది యూపీఎస్సీ డాట్ గవ్ డాట్ ఇన్. ఎన్డీఏ, డిగ్రీ వాళ్లు రాసే సీడీఎస్ పరీక్షలు రెండూ వీళ్లవే. రెండూ ఏడాదికి రెండేసిసార్లు జరుగుతాయి. మామూలుగా డిసెంబర్‌లో ఒకటి, మేలో ఒకటి నోటిఫికేషన్ వస్తుంది. ఆ పీడీఎఫ్ పెద్దది, చూడగానే భయమేస్తుంది. మొత్తం ఒకేసారి చదవక్కర్లేదు. ముందు వయసు దగ్గరికి వెళ్లండి. ఎన్డీఏకి పదహారున్నర నుంచి పందొమ్మిదున్నర. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య పుట్టినవాళ్లు అని స్పష్టంగా ఇచ్చి ఉంటుంది, మీ టెన్త్ మెమో పక్కన పెట్టుకుని చూసుకోండి. తర్వాత చదువు. ఆ తర్వాత సిలబస్. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, దాటితే ఇంటర్వ్యూకి ఇంకో 900. ఫీజు 100 రూపాయలు. అమ్మాయిలకి అదీ లేదు. అమ్మాయిలకి ఎన్డీఏ తలుపులు తెరుచుకుంది 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో. ఆ మొదటి బ్యాచ్ 2025 మేలో పాసౌట్ అయింది. ఇంట్లో "ఆడపిల్లలకి అవన్నీ ఎందుకు" అనేవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పండి.

అదే సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు కూడా ఉంటాయి. డబ్బు పెట్టి మెటీరియల్ కొనకముందు ఒక్క పాత మ్యాథ్స్ పేపర్ దించుకోండి. రెండున్నర గంటలు టైమ్ పెట్టుకుని రాయండి. మీకు కోచింగ్ అవసరమా కాదా అన్నది ఆ పేపరే చెప్తుంది.

రెండోది ఎయిర్‌ఫోర్స్ వాళ్ల సొంత సైట్, ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. ఆఫ్‌కాట్ దరఖాస్తు చేసే పోర్టల్ అడ్రస్ అప్పుడప్పుడూ మారుతుంటుంది. అందుకే ఎవరో వాట్సాప్‌లో పంపిన లింక్ నొక్కకుండా ఈ సైట్‌లోంచే లోపలికి వెళ్లండి. ఆఫ్‌కాట్ అంటే 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి 20 నుంచి 24 ఏళ్లు, ఏ డిగ్రీ అయినా 60 శాతం, ఇంజినీరింగ్ అయినా సరే. బీటెక్ ఫైనలియర్‌లో ఉండి, "నాకింక టైమ్ దాటిపోయింది" అనుకుంటున్న తమ్ముళ్లూ, మీకిది ఉంది. ఎంపికైతే దుండిగల్‌లో ట్రైనింగ్ ఏడాదిలో నెలకి 56,100 రూపాయలు వాళ్లే మీకిస్తారు.

ఇప్పుడు టేపు తెచ్చుకోండి. అవును, బట్టలు కుట్టే టేపే.

పైలట్‌కి ఎత్తు ఒక్కటే కాదు, కాక్‌పిట్‌లో ఇమడాలి. నిలబడితే కనీసం 162.5 సెంటీమీటర్లు. కూర్చుంటే, అంటే స్టూలు మీద గోడకి వీపు ఆనించి నిటారుగా కూర్చుంటే, స్టూలు నుంచి మాడు దాకా 81.5 నుంచి 96 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. కాలు పొడవు 99 నుంచి 120. తొడ పొడవు 64కి మించకూడదు. తల మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీయమని అమ్మనో తమ్ముణ్నో అడగండి. మేము ఇంట్లో అలాగే కొలిచాం. ఐదు నిమిషాల పని. తొడ ఎందుకు కొలుస్తారు అని మా తమ్ముడు అడిగాడు. ఫైటర్‌లో ఎజెక్షన్ సీటు ఉంటుంది. ప్రమాదం వస్తే సీటుతో సహా మనిషి పైకి దూసుకుపోతాడు. మోకాళ్లు ముందుకి మరీ పొడుచుకొస్తే ఆ క్షణంలో డాష్‌బోర్డుకి తగులుతాయి. అది ప్రాణం కాపాడే కొలత. అలాగని ఇంట్లో కొలత ఒక సెంటీమీటర్ తేడా వచ్చిందని బెంగపెట్టుకోకండి, చివరి మాట డాక్టర్లదే. కంటి చూపు మాత్రం ఇప్పుడే మంచి డాక్టర్ దగ్గర చూపించుకోండి, రంగులు గుర్తుపట్టే పరీక్షతో సహా. మెడికల్ ప్రమాణాలు నోటిఫికేషన్‌లో పూర్తిగా ఇస్తారు, అది ప్రింట్ తీసి డాక్టర్ గారి ముందు పెట్టండి.

ఇంకోటి. ఇంటర్వ్యూ బోర్డులో ఫ్లయింగ్ బ్రాంచ్ వాళ్లకి సీపీఎస్ఎస్ అని కంప్యూటర్ మీద పైలట్ ఎంపిక పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే. ఒకసారి తప్పితే మళ్లీ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి అవకాశం లేదు. కాబట్టి "ఊరికే ఒకసారి వెళ్లి చూసొద్దాం" అన్న ధోరణిలో ఎవరూ వెళ్లకండి. బాగా నిద్రపోయి, సూచనలు ఒకటికి రెండుసార్లు చదివి మొదలుపెట్టండి.

నేవీకి జాయిన్ ఇండియన్ నేవీ డాట్ గవ్ డాట్ ఇన్. విశాఖ పిల్లలకి ఇది దగ్గరి విషయం. 2025 జూలైలో ఆస్థా పూనియా నేవీ ఫైటర్ విభాగంలోకి ఎంపికైన తొలి మహిళగా రెక్కల బ్యాడ్జి అందుకుంది విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలోనే. ఆర్మీలో హెలికాప్టర్లు నడపాలంటే జాయిన్ ఇండియన్ ఆర్మీ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్.

సరే, ఎయిర్‌లైన్ పైలట్ అవ్వాలనుకునేవాళ్ల సంగతి. ఇక్కడే డబ్బు పోయేది. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి 200 గంటలు విమానం నడపాలి, ఖర్చు అరకోటి పైమాటే. మా పెద్దమ్మ కొడుకు ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర అడ్వాన్స్ కట్టాడు. పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టిన డబ్బు అది. కట్టాక నాలుగు నెలలకి మెడికల్‌కి వెళ్తే రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందన్నారు, అన్‌ఫిట్. డబ్బు తిరిగి రాలేదు. ఆ పరీక్ష ముందే చేయించుకోమని వాడికి ఒక్కళ్లూ చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

కాబట్టి డీజీసీఏ డాట్ గవ్ డాట్ ఇన్. పౌర విమానయానానికి మన దేశంలో పెద్ద దిక్కు వీళ్లే. క్లాస్ టూ మెడికల్, అంటే పైలట్ లైసెన్స్‌కి మొదట చేయించుకోవాల్సిన ఆరోగ్య పరీక్ష, చేసే డాక్టర్ల జాబితా అక్కడే ఉంటుంది. ముందు ఆ డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాతే డబ్బు మాట. గుర్తింపు ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది, 2025 నుంచి వాటికి ర్యాంకింగ్ కూడా ఇస్తున్నారు. మీకు బ్రోషర్ ఇచ్చిన స్కూలు పేరు ఆ జాబితాలో లేకపోతే అక్కడితో ఆపేయండి. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ లాంటి పేపర్లకి పరీక్ష డాట్ డీజీసీఏ డాట్ గవ్ డాట్ ఇన్ అని వేరే సైట్ ఉంది. ఒక్కో పేపర్‌లో 70 శాతం రావాలి. ప్రభుత్వ శిక్షణ సంస్థ కావాలంటే ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లో ఇగ్రువా ఉంది, ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్ వాళ్ల సైట్‌లో వస్తుంది.

ఆ బైపీసీ చెల్లికి నేను రాసిన జవాబు కూడా ఇదే దారిలో. ఎయిర్‌లైన్ వైపు అయితే ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌లో మ్యాథ్స్ అదనంగా రాసి లైసెన్స్‌కి వెళ్లినవాళ్లున్నారు, ఆ సైట్ ఎన్ఐఓఎస్ డాట్ ఏసీ డాట్ ఇన్.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. పరీక్ష పాసవ్వడం వేరు, ఆకాశం అర్థమవ్వడం వేరు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్లు పైలట్స్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ఏరోనాటికల్ నాలెడ్జ్ అనే పుస్తకం మొత్తం పీడీఎఫ్‌గా ఉచితంగా పెట్టారు. బొమ్మలు చాలా బాగుంటాయి. నాసా గ్లెన్ సెంటర్ వాళ్ల బిగినర్స్ గైడ్ టు ఏరోనాటిక్స్ అయితే టెన్త్ పిల్లలకి కూడా అర్థమవుతుంది. ఫ్లైట్‌రాడార్24 మీ అందరికీ తెలిసిందే. అందులో దుండిగల్ ట్రైనర్లు కనపడవేంటని అడుగుతుంటారు, సైనిక విమానాలు చాలావరకు తమ స్థానం అలా బయటికి పంపవు. ఈ సందర్భంలోనే చెప్తున్నా, ఎయిర్‌ఫోర్స్ స్థావరాల గోడల దగ్గర ఫోటోలు తియ్యకండి, అది నేరం.

కానీ రోజూ తెరవాల్సింది ఏవియేషన్ వెదర్ డాట్ గవ్. అమెరికా ప్రభుత్వానిదే, కానీ మన విమానాశ్రయాలు కూడా వస్తాయి. అందులో మీటార్, అంటే విమానాశ్రయం వాతావరణ నివేదిక, దగ్గర శంషాబాద్ కోడ్ కొట్టండి. వీ, ఓ, హెచ్, ఎస్. గన్నవరానికి వీఓబీజెడ్, విశాఖకి వీఓవీజెడ్. ఇదుగో, ఇలాంటి లైన్ ఒకటి వస్తుంది, స్క్రీన్ మీద ఉదాహరణకి ఒకటి రాశాను:

వీఓహెచ్ఎస్ 120330జెడ్ 27012కేటీ 4000 హెచ్‌జెడ్ ఎస్‌సీటీ020 27/22 క్యూ1008 నోసిగ్.

మంత్రంలా ఉంది కదా. విప్పుదాం. 12 అంటే తేదీ. 0330 జెడ్ అంటే ప్రపంచ సమయం, దానికి ఐదున్నర గంటలు కలపండి, మన పొద్దున తొమ్మిది. 27012 అంటే గాలి 270 డిగ్రీల నుంచి, అంటే నేరుగా పడమర నుంచి, 12 నాట్ల వేగంతో వస్తోంది. కనపడే దూరం 4000 మీటర్లు, మసక ఉంది. రెండు వేల అడుగుల ఎత్తులో అక్కడక్కడా మబ్బు. ఎండ 27 డిగ్రీలు, మంచు బిందువు 22. ఈ రెండు అంకెలూ దగ్గరవుతున్నకొద్దీ పొగమంచుకి అవకాశం పెరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో గన్నవరం విమానాలు ఎందుకు ఆలస్యమవుతాయో ఈ రెండు అంకెల్లో ముందే కనపడుతుంది. 1008 గాలి పీడనం. నోసిగ్ అంటే వచ్చే రెండు గంటల్లో పెద్ద మార్పు లేదు.

శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. తూర్పు ముఖంగా వెళ్తే 09, పడమర ముఖంగా వెళ్తే 27. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. కాబట్టి ఈ లైన్ చూసిన పైలట్‌కి ఇవాళ 27 అని అర్థమైపోతుంది.

గాలి ఎటు నుంచి వస్తే ఏమవుతుంది అనుకుంటారేమో. ఏఏఐబీ డాట్ గవ్ డాట్ ఇన్ అని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ సైట్ ఉంది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో జరిగిన ప్రమాదం నివేదిక అందులో చదవండి. వాన. మొదటి ప్రయత్నంలో దిగలేక, రెండోసారి అవతలి వైపు నుంచి, 10వ నంబర్ రన్‌వే మీదకి వచ్చారు. అప్పుడు గాలి వెనక నుంచి తోస్తోంది. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక గానీ చక్రాలు నేలకి తగల్లేదు. చక్రాలు తగలకముందే పక్క సీటు పైలట్ గో అరౌండ్, అంటే మళ్లీ పైకి లేపండి, అన్నారు. అయినా దిగడం ఆగలేదు. ఇరవై ఒక్క మంది పోయారు, ఇద్దరు పైలట్లతో సహా. ఎవరినో తప్పుపట్టడానికి కాదు ఈ నివేదికలు చదివేది. ప్రతి పేజీలోనూ "ఆ సీటులో నేనుంటే ఏం చేసేవాణ్ని, ఏం చేసేదాన్ని" అని అడుగుతూ చదవండి. స్కైబ్రరీ అనే సైట్‌లో ప్రపంచమంతటి ఇలాంటి సంఘటనలు, వాటి పాఠాలు ఉంటాయి. ఇంటర్ ఇంగ్లిష్ చాలు, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే.

మన ఎయిర్‌ఫోర్స్ చరిత్ర కావాలంటే భారత్ రక్షక్ సైట్ ఉంది, ఆసక్తి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి పోగు చేసిన సమాచారం. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న అంతరిక్షంలోకి వెళ్లారు. ఆయన కూడా ముందు ఎయిర్‌ఫోర్స్ పైలటే.

రేపు పొద్దున తొమ్మిదింటికి మీ దగ్గర్లోని విమానాశ్రయం మీటార్ తెరవండి. గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో, ఏ రన్‌వే వాడతారు, నోట్‌బుక్‌లో రాసి నాకు పంపండి. శంషాబాద్ వాళ్లు దిశ కూడా సరిచూసుకోవచ్చు, ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద నిలబడితే విమానాలు ఎటు లేస్తున్నాయో కనపడుతుంది.