ఓఎల్ఈడీ తెరలో నీలం రంగుతోనే తంటా

[తెరపై: చీకటి గదిలో పక్కపక్కన రెండు ఫోన్లు. రెండింట్లోనూ పూర్తి నల్ల బొమ్మ]

రెండు ఫోన్లలోనూ ఒకే బొమ్మ ఉంది. ఎడమవైపున్న ఎల్‌సీడీలో నలుపు కాస్త బూడిదగా ఉంది, చూశారా? దాని వెనక ఒక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర ఎంత అడ్డుకున్నా కొంత వెలుతురు బయటికి వస్తుంది. కుడివైపు ఓఎల్ఈడీలో వెనక లైటే లేదు. ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆరిపోతుంది.

[యానిమేషన్: పిక్సెల్‌ను నిలువుగా కోసి పొరలు చూపాలి]

లోపల రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య కార్బన్ సమ్మేళనాల పలుచటి పొరలు. కరెంటు ఇస్తే ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండోవైపు నుంచి ‘హోల్స్’, అంటే ఎలక్ట్రాన్ల ఖాళీలు, కదిలి మధ్య పొరలో కలుస్తాయి. ఆ జంటే ఎక్సైటాన్. అది మామూలు స్థితికి దిగేటప్పుడు కాంతి వస్తుంది. ఏ రంగన్నది అణువు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది.

1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ రెండు పొరలతో చేసిన పరికరం 10 వోల్టుల లోపే వెలిగింది. అసలు దారి అక్కడే తెరుచుకుంది.

కానీ ఒక చిక్కు. పుట్టే ప్రతి నాలుగు ఎక్సైటాన్లలో సుమారు మూడు ‘ట్రిప్లెట్’ రకం. మామూలు అణువుల్లో వాటి శక్తి చాలావరకు వేడిగా వృథా అవుతుంది. ఇరిడియం లాంటి బరువైన లోహాలు కలిపిన అణువులు వాటినీ కాంతిగా మారుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ అలా బాగుపడ్డాయి.

నీలం దగ్గరే తంటా. నీలి కాంతికి ఎక్కువ శక్తి కావాలి, ఆ శక్తే అణువు బంధాలను తెంచేస్తుంది. అందుకే చాలా తెరల్లో నీలానికి ఇప్పటికీ పాత పద్ధతే, అంటే బరువైన లోహం లేని మామూలు అణువులే, వాడుతున్నారు. భారం తగ్గించడానికి నీలం సబ్‌పిక్సెల్‌ను, అంటే పిక్సెల్‌లో నీలంగా వెలిగే భాగాన్ని, పెద్దదిగా చేస్తారు. అయినా పిక్సెళ్లన్నీ ఒకే వేగంతో అరగవు. గంటల తరబడి కదలని ఛానల్ లోగో మచ్చలా మిగిలిపోవడానికి కారణం ఇదే.

[తెరపై: మడత ఫోన్, వాచీ, టీవీ, కారు వెనక లైటు]

గాజు బదులు ప్లాస్టిక్ మీద ఈ పొరలు వేస్తే తెర మడతపడుతుంది. అయితే తేమ, ఆక్సిజన్ తగిలితే పొరలు పాడవుతాయి కాబట్టి గట్టిగా సీల్ చేయాలి. డార్క్ మోడ్‌తో బ్యాటరీ మిగిలేది ఓఎల్ఈడీలోనే. ఎల్‌సీడీలో దాదాపు తేడా ఉండదు. పూర్తి తెల్లటి పేజీకి మాత్రం ఓఎల్ఈడీ కరెంటు బాగానే తాగుతుంది.

లాక్ అయిన ఫోన్ మీద వెలిగే గడియారం అప్పుడప్పుడూ కాస్త పక్కకు జరుగుతుంది, గమనించారా? ఒకే పిక్సెళ్లు అరిగిపోకుండా తయారీదారులు పెట్టిన ఏర్పాటు అది.