ఫ్రీగా వచ్చిన క్రాసోవర్ కిట్: బోర్డు సూపర్, వైరు మాత్రం...

హలో అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, టేబుల్ మీదున్న ఈ కిట్ నేను కొన్నది కాదు, ఊరికే పంపారు. రెండు క్రాసోవర్ బోర్డులు, అంటే పాటలోని బరువైన శబ్దాల్ని పెద్ద స్పీకరు వూఫర్‌కి, సన్నటివాటిని చిన్న స్పీకరు ట్వీటర్‌కి పంచేవి. ఇంకా ఐదు మీటర్ల లావుపాటి వైరు. రివ్యూకి నేను డబ్బులేమీ తీసుకోలేదు. కంపెనీ పేరు మాత్రం చెప్పను, అందుకే బాక్స్ అటు తిప్పి పెట్టాను.

నా స్పీకర్ల సంగతి పాత సబ్‌స్క్రైబర్లకు తెలుసు. కోఠీ గుజరాతీ గల్లీలో వూఫర్లు, ట్వీటర్లు విడివిడిగా కొని, మా వీధి కార్పెంటర్ చేత ప్లైవుడ్ డబ్బాలు చేయించుకున్నవి. ఇన్నాళ్లూ వాటిలో క్రాసోవర్ అంటే ట్వీటర్ ముందు ఒక 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంతే. 8 ఓమ్‌ల ట్వీటర్‌కి అది దాదాపు 4,200 హెర్ట్జ్ నుంచి కిందికి ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 6 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గిస్తుంది. వూఫర్‌కి అడ్డూ ఆపూ లేదు. దాంతో ఘంటసాల గారు పద్యం అందుకుంటే గొంతు సగం కింద నుంచి, సగం పై నుంచి వచ్చేది. 'స', 'శ' వచ్చినచోటల్లా చెవిలో పుల్ల పెట్టినట్టుండేది.

ఈ బోర్డులో వూఫర్ దారిలోనూ ట్వీటర్ దారిలోనూ కెపాసిటరూ ఉంది, కాయిలూ ఉంది. ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్, 3,000 హెర్ట్జ్ దగ్గర పంపకం. సరే, బిగించాను. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, బుద్ధిగా. ఆన్ చేస్తే... తబలా ఉంది, వయొలిన్లు ఉన్నాయి, పాడే మనిషి మాత్రం పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్నట్టుంది!

గంటసేపు టంకాలన్నీ మళ్లీ చూసుకున్నా. ఆంప్లిఫయర్‌ని అనుమానించా. చివరికి నా బుర్రకే తట్టింది. ఈ రకం క్రాసోవర్‌లో వూఫర్ సౌండూ ట్వీటర్ సౌండూ కలిసేచోట వాటి మధ్య 180 డిగ్రీల తేడా వస్తుంది. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. ఒకే బండిని ఇద్దరు చెరోవైపు నుంచి నెడితే ఏమవుతుంది? ఉన్నచోటే ఉంటుంది. కలిసేచోట సౌండ్ కొట్టుకుపోతోంది, గొంతులో స్పష్టత ఉండేది సరిగ్గా అక్కడే.

ట్వీటర్ వైర్లు రెండూ తారుమారు చేశాను. ప్లస్‌ది మైనస్‌కి, మైనస్‌ది ప్లస్‌కి. అండీ, అదే పాట, అదే వాల్యూమ్... గొంతు వచ్చి రెండు డబ్బాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది! వంటింట్లోంచి అమ్మ, "ఏరా, మళ్లీ కొత్తవి కొన్నావా?" అంది. నాకింతకంటే రివ్యూ ఏం కావాలి?

ఇంత మంచి బోర్డు చేసి, ట్వీటర్‌ని తిప్పి కూడా కలిపి చూడండి అని ఒక్క ముక్క రాసి పెట్టలేదు వీళ్లు! కొత్తవాళ్లు బాగోలేదని పీకి అటకమీద పడేస్తారు. ఒక్కో జతకి ఒక్కోలా కుదురుతుంది కాబట్టి రెండు రకాలుగానూ విని తేల్చుకోండి. తిప్పడం మాత్రం ఎడమ, కుడి రెండు ట్వీటర్లకీ చేయాలి. వూఫర్లలో ఒకదాని ప్లస్, మైనస్ పొరపాటున తిరగబడితే బేస్ ఎగిరిపోతుంది. అనుమానముంటే వూఫర్‌ని విప్పదీసి, దాని టెర్మినల్స్‌కి 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ ముందుకు జరగాలి. ట్వీటర్‌కి ఈ ప్రయోగం వద్దు, పాడైపోవచ్చు. అన్నట్టు, మీ ట్వీటర్ 4 ఓమ్‌లదైతే బోర్డు మీద రాసిన 3,000 లెక్క చెల్లదు.

ఇక వైరు. ఇక్కడే నాకు మండింది. పైన 'ప్యూర్ కాపర్' అని అచ్చేశారు. బ్లేడుతో ఒక పోగు గీకాను, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి... లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత! లావంతా ప్లాస్టిక్ తొడుగుదే. అల్యూమినియం అని రాసి పంపితే ఏమీ అనేవాణ్ని కాదు.

అసలు ఐదు మీటర్ల దూరానికి ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. పోనూ రానూ కలిపి దాదాపు 0.12 ఓమ్ ఉంటుంది, 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అదెంత? ఒకప్పుడు నేనూ ఖరీదైన వైరు కొని మురిసిపోయినవాణ్నే. మా తమ్ముడు నాకు చూపించకుండా మార్చిమార్చి పెడితే, పదిసార్లలో ఐదుసార్లు తప్పు చెప్పాను. వాడు ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తాడు.

కాబట్టి నా మాట ఇదీ. బోర్డు విడిగా అమ్మితే కళ్లు మూసుకుని కొనండి, నా డబ్బాల్లోంచి నేనైతే తీయను. కిట్‌గా మాత్రం వద్దు. ఆ అబద్ధపు వైరుకి మీరు డబ్బు కట్టడం నాకిష్టం లేదు. నాకొచ్చిన ఐదు మీటర్లూ బాల్కనీలో దండెం కట్టాను, రెండు తడి దుప్పట్లు ఆపింది.